తొందరపడి కట్టిన సీటు

నెల్లూరు తీరంలో ఎండాకాలం రెండు లెక్కల మధ్య గడుస్తుంది. గుంటలో రొయ్య ఎంత కౌంటుకొచ్చింది, అంటే కిలోకి ఎన్ని తూగుతున్నాయి; ఇంట్లో పిల్లకు ఎక్కడ సీటొచ్చింది. ఈ సంవాదంలోని మామ, మేనకోడలు నేను కల్పించుకున్న మనుషులు. వాళ్ల గొడవ మాత్రం ఇందుకూరుపేట, అల్లూరు, బోగోలు మండలాల్లో ఎంబీఏ మాట వచ్చిన ఇళ్లలో ఏదో ఒక రూపంలో నడిచేదే. మామ హైస్కూల్లో తెలుగు పండితుడిగా రిటైరయ్యాడు. మైపాడు వైపు నాలుగెకరాల రొయ్యల గుంటలు చూసుకుంటున్నాడు. అమ్మాయి మూడేళ్లుగా చెన్నైలో ఉద్యోగం చేస్తోంది. ఎంబీఏ సీటు కోసం నవంబరులో క్యాట్ రాసింది. ఫలితం రాకముందే, డిసెంబరులో, ఒక ప్రైవేటు పీజీడీఎం కాలేజీలో సీటు ఖాయం చేసుకోవడానికి లక్షన్నర కట్టేసింది. ఇప్పుడు మే నెల. నా మొగ్గు అమ్మాయి వైపే. అట్లాగని మామ మాటల పదును తగ్గించలేదు. తగ్గిస్తే ఇది రాయడమే దండగ.

మామ: డబ్బు కట్టావు, వస్తున్నానని మెయిలు పెట్టావు. మీ అమ్మ ఊరంతా స్వీట్లు పంచింది. ఇప్పుడొచ్చి మళ్లీ ఆలోచిస్తా ఉండా మామా అంటే నేనేం చెప్పాల?

అమ్మాయి: ఎట్లా కట్టానో ముందు విను మామా. ఆ తర్వాత తిట్టు.

మామ: చెప్పు.

అమ్మాయి: క్యాట్ నవంబరు ఆఖరి ఆదివారం. రెండు గంటల పరీక్ష. మూడు భాగాలు, ఒక్కోదానికి 40 నిమిషాలు. ఒక భాగం అయిపోతే మళ్లీ దాని మొహం చూడలేం. బయటికొచ్చి ఫోన్ ఆన్ చేసేసరికే కోచింగ్ సెంటర్ల వాళ్లు లైవ్‌లో ఉన్నారు. పేపరు సులువా కష్టమా, ఎన్ని మార్కులకు ఎంత పర్సంటైల్, అన్నీ ఆ రాత్రికే తేల్చేస్తారు. నా లెక్కలో మార్కులు తక్కువొచ్చాయి. ఇంక ఐఐఎం లేదనుకున్నా. అంతకుముందే ఇంకో పరీక్ష స్కోరుతో ఈ కాలేజీకి అప్లై చేసి ఉన్నా. డిసెంబరు రెండో వారంలో వాళ్ల మెయిలొచ్చింది. సీటిస్తున్నాం, ఐదు రోజుల్లో కట్టకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తాం అని. రాత్రి ఒంటిగంటకు హాస్టల్ మంచం మీద కూర్చుని కట్టేశా. ఎవర్నీ అడగలేదు. పది రోజులకు క్యాట్ ఫలితం వచ్చింది. 96 పర్సంటైల్.

మామ: మార్కులు తక్కువంటివే. పర్సంటైల్ అంత ఎట్టా వచ్చింది?

అమ్మాయి: పరీక్ష ఒకేరోజు మూడు పూటలు పెడతారు, మూడు పేపర్లూ వేరు. ఒక పూట పేపరు కష్టంగా ఉంటే ఆ మార్కుల్ని సవరించి మిగతావాటితో సమం చేస్తారు. అప్పుడు రాసినవాళ్లలో నా వెనక ఎంతమంది ఉన్నారో లెక్కేస్తారు. అదే పర్సంటైల్. రాసేది దాదాపు మూడు లక్షల మంది. 96 అంటే నాకు ముందు పన్నెండు వేల మంది ఉన్నట్టు. ఈ మధ్య సంవత్సరాల్లో సగం మార్కులు రాకుండానే 99 తెచ్చుకున్నవాళ్లున్నారు. ఇదంతా నాకు ముందే తెలుసు మామా. తెలిసి కూడా ఆ రాత్రి గుర్తుకు రాలేదు.

మామ: సరే, తొందరపడ్డావు. అయితే తొందరలో చేసిందంతా తప్పని ఎవరు చెప్పారు నీకు? గుంటలో రొయ్య నీరసపడి గట్టు పక్కకొస్తది. తీసి చూస్తే పెంకు మీద తెల్లమచ్చ. తెల్లారేదాకా ఆలోచిస్తామా? ఆ రాత్రికే వల దించుతాం. వంద కౌంటైనా సరే, దొరికిన రేటుకి పట్టేస్తాం. 1994, 95ల్లో ఈ తీరంలో టైగర్ రొయ్యకి ఆ జబ్బు తగిలినప్పుడు రెండ్రోజులు చూద్దామనుకున్నోడికి గుంటలో నీళ్లే మిగిలాయి. నేను చూశా. నాతోపాటు పని చేసిన మేష్టరు ఒకాయన పీఎఫ్ డబ్బంతా దాంట్లో పోశాడు.

అమ్మాయి: జబ్బు నీ కంటికి కనబడింది మామా. నాకు కనబడిందేంది? ఎవరో ఫోన్లో చెప్పిన అంచనా. 2025 ఏప్రిల్లో నువ్వు పట్టిన గుంటకు జబ్బుందా?

మామ: దాన్నెందుకు ఎత్తుతావు ఇప్పుడు.

అమ్మాయి: ఎత్తాల్సిందే. ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు మన సరుకు మీద 26 శాతం సుంకం అన్నాడు. రెండ్రోజులు తిరక్కుండానే కొనేవాళ్లు రేటు కోసేశారు. ఇంకా పడిపోద్దని నువ్వు అరవై కౌంటులో ఉన్న గుంటని పట్టించేశావు. ఇంకో నెల మేపితే నలభైకి వచ్చేది. ఏప్రిల్ 9న అదే పెద్దమనిషి ఆ సుంకాన్ని 90 రోజులు ఆపేశాడు. అత్త ఆ రోజు అన్నం తినలేదు, నాకు గుర్తుంది.

మామ: గుర్తుంటే మిగతాది గూడా గుర్తు పెట్టుకో. సుంకం ఆగిందని ధైర్యం తెచ్చుకుని ఏప్రిల్ నెలాఖరున కొత్త సీడ్ వదిలినోళ్లు ఉండారు. ఆ వనామీ రొయ్య నాలుగు నెలలకు చేతికొచ్చే పాటికి ఆగస్టు 27. ఆ రోజుకి సుంకం 50 శాతమైంది. తొందరపడి నేను ఒకసారి పోగొట్టుకున్నా. నిదానించినోళ్లు ఇంకోసారి పోగొట్టుకున్నారు. ఇప్పుడు చెప్పు, తెలివి ఎవరిది?

అమ్మాయి: ఫలితం చూసి తెలివిని కొలవొద్దంటావు. ఒప్పుకుంటా. నా సీటునీ అట్లాగే చూడు మరి. రేపు ఆ కాలేజీ నుంచే నాకు మంచి ఉద్యోగం రావచ్చు. వచ్చినా సరే, డిసెంబరులో నేను చేసింది మంచి పని అయిపోదు. ఎందుకంటే నువ్వు ఏప్రిల్లో ఎంత ఆగినా వైట్‌హౌస్‌లో ఏమనుకుంటున్నారో నీకు తెలిసేది కాదు. నా ఫలితం మాత్రం నెల తిరక్కుండా వస్తుందని నాకు తెలుసు. ఊరికే తెలిసేదాన్ని తెలుసుకోకుండా కట్టా. తప్పు అక్కడుంది, వేగంలో కాదు.

మామ: అయితే ఫలితం వచ్చిన రోజే ఎందుకు నోరెత్తలా?

అమ్మాయి: కట్టిన లక్షన్నర నోరెత్తనియ్యలేదు. కట్టేశాను కాబట్టి అది మంచి కాలేజీ అయి తీరాలి అనుకున్నా. దాని గురించి మంచి మాటలే వెతుక్కుని చదివేదాన్ని.  విశాఖ ఐఐఎం ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది, వెళ్లొచ్చా. ఇంట్లో చెప్పలేదు. ఇప్పుడు వెయిట్‌లిస్టులో ఉన్నా.

మామ: విశాఖ ఐఐఎం 2015లో ఆంధ్రా యూనివర్సిటీ ఆవరణలో మొదలైంది. నిన్నగాక మొన్నటి పిల్ల అది. బెంగుళూరు ఐఐఎం చెయ్యి పట్టుకుని నడిపించింది.

అమ్మాయి: ఇప్పుడు గంభీరంలో సొంత క్యాంపస్ ఉంది. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైంది.

మామ: ఉండనీ. నీకు అందులో సీటుందా? లేదు. వెయిట్‌లిస్టు అంటే పైవాళ్లు ఖాళీ చేస్తే వచ్చేది. చేతిలో ఉన్నదాన్ని వదిలి దానికోసం కూర్చుంటావా? శాంతిపర్వంలో మూడు చేపల కథ నీకు చిన్నప్పుడే చెప్పా. ఎండిపోయే చెరువు. ఒక చేప ముందే చూసుకుని వేరే నీళ్లలోకి పోయింది. రెండోది వల పడ్డాక అప్పటికప్పుడు ఉపాయం పన్ని బయటపడింది. చూద్దాం చూద్దాం అన్న మూడోదాని పేరేంది?

అమ్మాయి: దీర్ఘసూత్రుడు. చచ్చిపోయింది. అదే శాంతిపర్వంలో చిరకారి కథ కూడా ఉంది, అది చెప్పిందీ నువ్వే. గౌతముడు కోపంలో భార్యను చంపమని కొడుక్కి చెప్పి అడవికి పోయాడు. కొడుకేమో ఏ పనైనా బాగా ఆలోచించి గానీ చెయ్యడు. తండ్రి మాట పెద్దదా, తల్లి ప్రాణం పెద్దదా అని తూచుకుంటూ కూర్చున్నాడు. ఈలోగా గౌతముడికి కోపం దిగింది. ఎంత పని చెప్పానురా అని ఏడుస్తూ వెనక్కొచ్చాడు. తల్లి బతికే ఉంది. ఆ నిదానానికి తండ్రి కొడుకుని దీవించాడు. భీష్ముడు ధర్మరాజుకి రెండు కథలూ చెప్పాడు మామా.

మామ: చెప్పాడు. మన నెల్లూరు తిక్కన ఆ పర్వాన్ని తెలుగు గూడా చేశాడు. కానీ తేడా చూడు. చిరకారి ఆగింది పని చెయ్యకముందు. నువ్వు చేసేశాక ఆగుతున్నావు.

అమ్మాయి: మరి గౌతముడు? ఆయన చెప్పేశాకే గదా పరుగెత్తుకొచ్చింది. చిరకారిని ఎట్లాగూ కాలేకపోయా. గౌతముడి పాటి కూడా చెయ్యొద్దా?

ఇక్కడ నాదొక మాట. ఈ రెండు కథల్నీ మనం పిల్లలకు విడివిడిగా, వేర్వేరు వయసుల్లో చెబుతాం. చేపల కథ చిన్నప్పుడే వచ్చేస్తుంది, చిరకారి చాలామంది చెవిన పడకుండానే పోతాడు. అందుకే త్వరపడమనే సలహా మన ఇళ్లలో అంత సులువుగా నోటికొస్తుంది.

మామ: నువ్వు కథలు తిప్పి చెప్పగలవు, తెలుసు. నా భయం వేరే. మనసు మార్చుకునే వీలున్నోడికి దేని మీదా ఇష్టం నిలవదు. ఈరోజు ఈ కాలేజీ కాదంటావు. రేపు విశాఖ వస్తే, బెంగుళూరు ఎందుకు రాలేదని ఏడుస్తావు. ఆప్షన్లు పెట్టుకునే పిల్లల్ని ముప్పయ్యేళ్లు చూశా. వెనక్కి చూస్తా నడిచేవాడు దార్లో ఏదీ చూడడు.

అమ్మాయి: నీ మాటకి నేనే సాక్ష్యం చెబుతా. హార్వర్డులో డేనియల్ గిల్బర్ట్, జేన్ ఎబర్ట్ అనేవాళ్లు ఫొటోగ్రఫీ నేర్చుకునే విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు, 2002లో అచ్చయింది. ఎవరు తీసిన ఫొటోల్లోంచి వాళ్లు ఒకటి ఉంచుకోవాలి. కొందరికి కొన్ని రోజుల్లో మార్చుకోవచ్చన్నారు, కొందరికి మార్చడం కుదరదన్నారు. మార్చుకునే వీలున్నవాళ్లకే వాళ్ల ఫొటో తక్కువ నచ్చింది. అయినా ముందుగా అడిగితే ఎక్కువమంది మార్చుకునే వీలే కావాలన్నారు.

మామ: చూశావా. చదువుకున్నోళ్లు గూడా అదే తేల్చారు.

అమ్మాయి: తేల్చింది ఫొటో గురించి మామా. ఏది ఉంచుకున్నా నష్టం లేదు. నాది రెండేళ్లు, పద్దెనిమిది లక్షలు. ఇంకో లెక్క చెబుతా విను. పరీక్షలో మొదట తోచిన జవాబే ఉంచమని, మార్చొద్దని మీ మేష్టర్లందరూ చెప్పేవాళ్లు గదా?

మామ: నేను గూడా చెప్పా. మొదట తోచిందే నిజం.

అమ్మాయి: జస్టిన్ క్రూగర్ అని ఒకాయన, ఇంకో ఇద్దరు కలిసి ఇల్లినాయ్ యూనివర్సిటీలో 1500 మందికి పైగా విద్యార్థుల జవాబు పత్రాల్లో చెరిపేసి మార్చిన గుర్తులన్నీ లెక్కపెట్టారు. 2005లో వేశారు. మార్చినవాటిలో సగం తప్పు నుంచి ఒప్పుకి మారాయి. ఒప్పు నుంచి తప్పుకి మారినవి పావు వంతే. మరి మార్చొద్దని అందరూ ఎందుకు నమ్ముతారు? ఒప్పు జవాబుని చేతులారా చెడగొట్టుకుంటే ఆ మంట చాన్నాళ్లు గుర్తుంటుంది. మొండిగా ఉంచి పోగొట్టుకుంటే అంత మండదు. అందుకు.

మామ మాట్లాడలేదు. ఒక తరం పిల్లలకు తాను చెప్పిన సలహా అది.

అమ్మాయి: బిజినెస్ స్కూళ్ల పరీక్షలకే ఈ సంగతి అర్థమైంది మామా. జీమ్యాట్‌లో ఒకప్పుడు జవాబు పెట్టాక వెనక్కి పోనిచ్చేవాళ్లు కాదు. పరీక్ష అయ్యాక స్కోరు తెర మీద చూపించి, ఉంచుకుంటావా రద్దు చేస్తావా అని అడిగేవాళ్లు. దానికి రెండే నిమిషాలు. ఏమీ నొక్కకపోతే రద్దయ్యేది. నెలల తరబడి చదివి, ఆ రెండు నిమిషాల్లో కంగారుపడి మంచి స్కోరుని రద్దు చేసుకుని తర్వాత తల పట్టుకున్నవాళ్లు ఎంతోమంది. డబ్బు కడితే రద్దు చేసిన స్కోరుని మళ్లీ బతికించుకునే వీలుండేది. 2023 నవంబరులో వచ్చిన కొత్త జీమ్యాట్‌లో ఆ రెండు నిమిషాల గొడవే లేదు. స్కోరు చూసుకున్నాక ఏ కాలేజీకి పంపాలో మనమే చెప్పొచ్చు. ఒక్కో సెక్షన్ చివర మూడు జవాబులు మార్చుకోనిస్తారు కూడా.

మామ: మూడేగా! ముప్పై గాదు.

అమ్మాయి: మూడే. నేను అడిగేది ఒక్కటి.

మామ: సరే, పెద్దోళ్ల సంగతి చూద్దాం. సత్య నాదెళ్ల ఉండాడు. 1992లో షికాగో బిజినెస్ స్కూల్లో సీటొచ్చింది. పోదామని ఉంటే మైక్రోసాఫ్ట్ పిలిచింది. ఉద్యోగంలో చేరిపోయాడు. నీలాగా ఊగలా.

అమ్మాయి: చేరాడు. కానీ ఎంబీఏ వదల్లేదు. వారాంతాల్లో విమానమెక్కి షికాగో పోయొచ్చి 1997లో పూర్తి చేశాడు. రెంటినీ దక్కించుకునే దారి వెతికాడు. ఇంకోటి కూడా ఆయనే పుస్తకంలో రాసుకున్నాడు. 1994లో ఢిల్లీలో అమెరికా ఎంబసీకి పోయి తన గ్రీన్‌కార్డు తిరిగిచ్చేసి హెచ్1బీ వీసా తీసుకున్నాడు. గ్రీన్‌కార్డు ఉంటే పెళ్లి చేసుకున్న భార్యను తీసుకుపోవడానికి ఏళ్లు పట్టేది, అందుకు. అందరూ ఎగబడే కాగితాన్ని చేతులారా వెనక్కిచ్చాడు. అదీ ఊగడమేనా?

మామ: ఆయన చేతిలో కారణం ఉంది. భార్య. నీ చేతిలో ఏముంది? ఐఐఎం అనే మూడక్షరాలు.

అమ్మాయి: లేదు మామా. విశాఖ రాకపోయినా ఆ కాలేజీలో చేరను. అది చెప్పడానికే వచ్చా.

మామ: ఏందీ?

అమ్మాయి: ఫిబ్రవరి నుంచి అక్కడ చదివినవాళ్లతో మాట్లాడుతున్నా. బ్రోచరు అప్పుడు సరిగ్గా చూడలేదు, ఇప్పుడు చూశా. అత్యధిక ప్యాకేజీ పెద్దక్షరాల్లో ఉంది. దాని కింద సగటు. మీడియన్ ఎక్కడా లేదు. ఒక్కడికి విదేశంలో యాభై లక్షలొస్తే సగటు పైకి లేస్తుంది. వరసలో నడిమినున్నవాడికి ఎంతొచ్చిందో తెలియాలంటే మీడియన్ కావాలి. ఎంతమంది ఉద్యోగం కావాలన్నారు, ఎంతమందికి వచ్చింది, అదీ లేదు. ప్లేస్‌మెంట్ నివేదిక ఎట్లా రాయాలో ఐఐఎం అహ్మదాబాద్ చొరవతో ఒక ప్రమాణం తయారైంది. దాని ప్రకారం ఆడిట్ చేయించి బయటపెట్టే కాలేజీలున్నాయి. వీళ్లకి ఫోన్ చేసి ఆడిట్ నివేదిక అడిగా. చేరాక చూపిస్తాం అన్నారు.

మామ: చేరాక చూపిస్తామన్నారా?

అమ్మాయి: అదే మాట.

మామ: సీడ్ అమ్మేవాడు, జబ్బు లేదని చెప్పే పీసీఆర్ రిపోర్టు గుంటలో వదిలాక చూపిస్తానన్నట్టుంది. అట్టాంటోడి దగ్గర నేను ఒక్క పిల్ల కొనను.

అమ్మాయి: అందుకే నీ దగ్గరికొచ్చా. ఇంకోటుంది, అదే నాకు ఎక్కువ బాధ. విద్యారుణం ఏడున్నర లక్షల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు, ప్రభుత్వం గ్యారంటీ ఉంటుంది. పైన కావాలంటే ఆస్తి పెట్టాలి. ఈ కాలేజీకి హాస్టలుతో కలిపి పద్దెనిమిది లక్షలు. బ్యాంకు మీ గుంటలు వద్దంది. నెల్లూరులో నువ్వు రిటైరయ్యాక కట్టుకున్న ఇంటి కాగితాలు కావాలంది. నువ్వు ఇస్తానన్నావంట. అమ్మ చెప్పింది.

మామ: ఇస్తానన్నా. ఇస్తా. నా కాగితాల సంగతి నీకెందుకు?

అమ్మాయి: నాకు కాకపోతే ఎవరికి? చదువు అయ్యాక ఒక ఏడాది దాకా వాయిదా కట్టక్కర్లేదు. ఆ తర్వాత నెలనెలా కట్టాలి. నాకు అనుకున్న ఉద్యోగం రాకపోతే ఎవరు కడతారు? ఒక పంటకి తెల్లమచ్చ, ఇంకో పంటకి సుంకం. దాని మీద నా ఈఎంఐ కూడానా? ఐఐఎంల వంటి పెద్ద సంస్థల జాబితా పెట్టుకుని వాటిలో చేరేవాళ్లకి తాకట్టు లేకుండా ఇచ్చే స్కాలర్ లోన్ స్టేట్ బ్యాంకులో ఉంది. అంటే ఏ కాలేజీ పిల్ల అప్పు తీర్చగలదో బ్యాంకు కూడా లెక్కేసుకుంది మామా. లెక్కెయ్యనిది నేనొక్కదాన్నే.

మామ: నాకు పిల్లల్లేరు. ఆ ఇల్లు ఎట్టాగూ నీదే.

అమ్మాయి: అట్లా మాట్లాడొద్దు.

మామ: సరే. ఆ లక్షన్నర సంగతేంది? తిరిగి ఇవ్వబడదని రాసుంటారు గదా.

అమ్మాయి: రాశారు. కానీ వాళ్లది సాంకేతిక విద్యా మండలి, అదే ఏఐసీటీఈ, అనుమతి ఉన్న కాలేజీ. కోర్సు మొదలుకాకముందు మానుకుంటే వెయ్యి రూపాయలకు మించకుండా పట్టుకుని మిగతా ఫీజంతా తిరిగివ్వాలని ఏఐసీటీఈ నిబంధన. క్లాసులు జూన్లో మొదలు. అందుకే ఇప్పుడే తేల్చుకోవాలి. చూద్దాం చూద్దామని జూన్ దాటిస్తే అప్పుడు నేను నిజంగా నీ మూడో చేపనవుతా.

మామ: రూలుంటే ఇచ్చేస్తారా?

అమ్మాయి: ఇవ్వకపోతే రాతపూర్వకంగా అడుగుతా, ఏఐసీటీఈకి ఫిర్యాదు పెడతా. పోతే పోయింది అనే మాట కూడా ముందే అనుకునే వచ్చా. లక్షన్నర కోసం ఇంకో పదహారున్నర లక్షలు పోయలేను.

మామ: విశాఖ రాకపోతే ఏడాది పోద్ది. ఇరవై అయిదు దాటాయి నీకు. మీ అమ్మకి నువ్వే చెప్పుకో, నేను చెప్పను.

అమ్మాయి: ఏడాది ఎక్కడికీ పోదు, ఉద్యోగం ఉంది. మళ్లీ నవంబరులో రాస్తా. హైదరాబాదు ఐఎస్‌బీలో ఏడాది కోర్సు ఉంది, దానికి కనీసం రెండేళ్ల అనుభవం అడుగుతారు. నాకప్పటికి నాలుగుంటాయి. జీమ్యాట్ రాసి దానికీ పెడతా. ఫీజు ఎక్కువే. ఈసారి కట్టేముందు నీకు ఫోన్ చేస్తా, రాత్రి ఒంటిగంటైనా సరే.

మామ: నేను ఒప్పుకోలా. చేతిలో సీటు వదిలిపెట్టడం నాకు ఇప్పటికీ మనసుకెక్కడం లేదు. చేరాక చూపిస్తామన్న మాట మాత్రం నాకు నచ్చలా. టెన్త్, ఇంటర్, బీటెక్ ఒరిజినల్స్ ఎక్కడున్నాయి?

అమ్మాయి: నా బీరువాలో. రిపోర్టింగ్ రోజు తెమ్మన్నారు.

మామ: అక్కడే ఉండనీ. మెయిలు నువ్వు రాయి, పంపించేముందు నాకొకసారి చదివి వినిపించు. తప్పుల్లేకుండా ఉండాల.

ఇద్దరూ ఇంతకంటే దగ్గరికి రారు. మామ చివరిదాకా చేతిలో సీటు మాటే పట్టుకుంటాడు. ఆయన తరం చేతికొచ్చిన ఉద్యోగాన్నీ పంటనీ వదులుకుని బతకలేదు, ఆ జాగ్రత్త వెనక ఆకలి ఉంది. దాన్ని నేను తేలిగ్గా తీసెయ్యలేను. అయినా నా తీర్పు ఇది: ఫలితాలు రావడానికి ముందు వారాల్లో, ఐదు రోజుల గడువు పెట్టి పిల్లల చేత లక్షలు కట్టించుకోవడం అన్యాయం. ఆ గడువులో కట్టిన పిల్ల మళ్లీ ఆలోచించుకుంటానంటే, మాట తప్పిందని అనే హక్కు ఇంట్లో ఎవరికీ లేదు.

ఈ డిసెంబరులో మీ ఇంటికీ అట్లాంటి మెయిలు రావచ్చు. గడువు పెంచమని జవాబు రాయండి, అడగడానికి ఖర్చేమీ లేదు. మీడియన్ జీతం ఎంతో, ఎంతమంది ఉద్యోగం కోరితే ఎంతమందికి వచ్చిందో రాతపూర్వకంగా అడగండి. కాలేజీకి ఏఐసీటీఈ అనుమతి ఉందో లేదో, యూనివర్సిటీ అయితే యూజీసీ కిందికి వస్తుందో లేదో చూసుకోండి. ఐఐఎంలు తమకోసం 2017లో వచ్చిన ప్రత్యేక చట్టం కింద నడుస్తాయి కాబట్టి వాటి వాపసు నిబంధన ఆఫర్ లెటర్లోనే చదువుకోవాలి. యూనివర్సిటీలు, వాటి కిందున్న కాలేజీలు విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులోనే ప్రకటించింది. చేరికల ఆఖరు తేదీకి 15 రోజులు లేదా ఇంకా ముందే మానుకుంటే కొద్దిపాటి ప్రాసెసింగ్ ఛార్జీ పోను ఫీజు మొత్తం, ఆ తేదీ దాటాక 15 రోజుల లోపు మానుకున్నా 80 శాతం తిరిగివ్వాలని అప్పుడే చెప్పింది. ఒరిజినల్స్ ఎవరడిగినా చూపించి, నకళ్లు ఇచ్చి, వెంటనే వెనక్కి తెచ్చుకోండి.